లక్కపిడత విలువెంత?

మొన్న ఎగ్జిబిషన్‌లో ఏటికొప్పాక లక్కపిడతకి పది రూపాయలు తగ్గించమని బేరమాడాను. ఇప్పుడు సిగ్గుగా ఉంది. అంకుడు కర్రని ఆరబెట్టి, లేతు మీద తిప్పుతూ ఉలితో తొలిస్తేనే ఆ గుండ్రం వస్తుంది. తిరిగే కర్రకి రంగులక్క అదిమితే రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది. ఆపైన మొగలాకుతో మెరుగు. ఉలి జారిందా, పడ్డ శ్రమంతా వృథా!

ఈ బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో మన రాష్ట్ర శకటమెక్కి ఊరేగాయి. చప్పట్లు కొట్టాం, సరే! చప్పట్లతో పొయ్యి వెలుగుతుందా?

మిత్రులారా, నాదొక్కటే మనవి. మన వార్షికోత్సవ బహుమతులకి స్టీలు గ్లాసులు మాని, ఆ పిడతలే కొందాం, అడిగిన ధరకే! పనివాళ్ళ చెయ్యి ఆడితేనే కదా కళ నిలిచేది.