మాట తెలియని దేశంలో చర్మవైద్యుని ఎదుట



జనగామ ప్రాంతపు ఒక పల్లె నుంచి గల్ఫ్‌కు వెళ్లి, ఏడేళ్లు భవన నిర్మాణ పనులు చేసి తిరిగివచ్చిన ఒక మనిషి, నేను ఉద్యోగ విరమణ చేసిన తరువాత ఒకనాడు మా ఇంటికి వచ్చి తన చేయి చూపించాడు. చిటికెన వేలు, ఉంగరపు వేలు లోపలికి వంగిపోయి ఉన్నాయి. మోచేతి వెనుక నరం లావెక్కి తాడులా చేతికి తగులుతోంది. ముంజేతి మీద పాలిపోయిన మచ్చ ఒకటి ఉంది. కళ్లు మూసుకొమ్మని దూదిపోచతో ఆ మచ్చను తాకితే ఆయనకు తెలియలేదు.

"అక్కడ డాక్టరుకు చూపించలేదా?" అన్నాను.

"మూడుసార్లు చూపించిన సార్. మూడుసార్లూ మలాం ఇచ్చిండ్రు."

ఆయన తోడుగా తీసుకువెళ్లింది పని చేయించే మేస్త్రీని. అరబ్బీ వచ్చినవాడు ఆ బృందంలో అతడొక్కడే. ఈయన "మొద్దుబారింది" అంటే అతడు ఏమని చెప్పాడో మనకు తెలియదు. డాక్టరు మాత్రం ప్రతిసారీ దురదకు మందు రాశాడు. నిజానికి ఆ మచ్చకు దురదే లేదు. మేస్త్రీ పక్కన ఉండగా అంతా చెప్పడానికి భయం వేసిందని కూడా ఆయన అన్నాడు. ఆ భయాన్ని తప్పుపట్టలేము. గల్ఫ్ దేశాలకు వెళ్లేముందు చేసే వైద్య పరీక్షలో కుష్ఠు అనర్హతల జాబితాలో ఉంది. వ్యాధి పేరు బయటపడితే ఉద్యోగం పోతుందని, ఊరిలో చేసిన అప్పు మిగిలిపోతుందని మనవాళ్లు మచ్చను చొక్కా చేతుల కింద దాచుకుంటారు.

అయితే పాఠకులు గమనించవలసినది ఒకటుంది. కుష్ఠుకు బహుళ ఔషధ చికిత్స 1980 దశకం నుంచి అందుబాటులో ఉంది. మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఆ మందు ఉచితం. వ్యాధి రకాన్నిబట్టి ఆరు నెలలు గాని, పన్నెండు నెలలు గాని వాడితే నయమవుతుంది. మందు మొదలైన కొద్దికాలానికే ఇతరులకు సోకే గుణం పోతుంది. కాని నరం ఒకసారి దెబ్బతిని నెలలు గడిచిపోతే, క్రిమి చచ్చినా వేళ్లు మునుపటిలా సాగవు. ఆయన విషయంలో జరిగిన నష్టం అదే. వ్యాధి నయమైంది, చేయి మాత్రం తాపీ పట్టలేకపోతోంది.

ఆ డాక్టరును నిందించే ముందు నా సంగతి కూడా చెప్పాలి. ఉమ్మడి వరంగల్ జిల్లాలో, నేటి మహబూబాబాద్ వైపు పనిచేసేటప్పుడు, ఒక లంబాడీ అవ్వకు గజ్జి మందు ఇచ్చి పంపాను. ఆమెకు తెలుగు అంతంతమాత్రం, నాకు ఆమె భాష ఒక్క ముక్క రాదు. ఇంటిల్లిపాదీ ఒకే రాత్రి మెడ నుంచి పాదాల వరకు రాసుకోవాలని, దుప్పట్లు వేడినీళ్లలో ఉడికించి ఎండలో వేయాలని తెలుగులోనే చెప్పాను. ఆమె తల ఊపింది. నెల తరువాత మనవలతో సహా వచ్చింది, అందరి వేళ్ల సందులలోనూ పొక్కులే. మందు చేతులకు మాత్రం రాసుకొన్నదట. భూపాలపల్లి అడవులలో ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన కోయ కుటుంబాలకు వైద్యం చేసిన రోజులలోనూ ఇదే అవస్థ. వారి ఎదుట నేనే పరదేశపు వైద్యుణ్ణి. రోగి తల ఊపితే అర్థమైనట్టు కాదని నేను ఆలస్యంగా నేర్చుకొన్నాను.

మరి విదేశంలో ఉన్న మనవాళ్లు ఏమి చేయాలి? అరబ్బీ నేర్చుకొమ్మని నేను చెప్పను. చర్మవ్యాధికి ఒక సౌలభ్యం ఉంది, అది కంటికి కనిపిస్తుంది. మచ్చ మొదలైన రోజు నుంచి వారానికొకసారి పగటి వెలుతురులో, అదే చోట నిలబడి ఫోనులో ఫోటో తీసి ఉంచండి. మన చామనఛాయ చర్మం మీద ఎరుపు ఎరుపుగా కనబడదు, గోధుమగానో ఊదాగానో కనబడుతుంది. తెల్లని చర్మం చూడడానికి అలవాటుపడిన వైద్యునికి మీ పాత ఫోటో ఎంతో సాయం చేస్తుంది. వాడిన ట్యూబు ఖాళీ అయినా పారవేయకండి, తీసుకువెళ్లి చూపించండి. ఊరినుంచి వచ్చేవారి పెట్టెలో తెప్పించుకొనే తామర మలాములలో చాలావాటిలో క్లోబెటసాల్ వంటి ఘాటైన స్టిరాయిడ్ కలిసి ఉంటుంది. రాసిన రెండు రోజులకు దురద తగ్గుతుంది, లోపల శిలీంధ్రం పాకుతూనే ఉంటుంది. తామర రూపమే మారిపోయి, అనుభవజ్ఞుడైన వైద్యుడు కూడా పోల్చుకోలేడు. ఇటువంటి మందులను చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం నియమం తెచ్చినా, మన ఊళ్ల మందుల దుకాణాలలో అడిగితే ఇస్తూనే ఉన్నారు.

మాటల విషయానికి వస్తే, రెండే తేడాగా చెప్పగలిగితే చాలు: దురద ఉందా, స్పర్శ పోయిందా. అరబ్బీలో దురదను హక్కా అంటారు, మొద్దుబారడాన్ని ఖదర్ అంటారు. స్పర్శకు మన తెలంగాణ ఉర్దూలోని 'ఎహసాస్' అరబ్బీనుంచి వచ్చినదే. 'హస్సాసియా' అన్న మాట దానికి దగ్గరగా వినబడుతుంది గాని దాని అర్థం అలర్జీ. ఆ రెండూ కలిస్తే మీకు అలర్జీ మాత్రలే దొరుకుతాయి. మాట తోచకపోతే కళ్లు మూసుకొని, మచ్చ మీద దూది తాకించి చూపించండి. తోడుకు మేస్త్రీని కాక, మీ జీతంతో సంబంధం లేనివాడిని పిలుచుకోండి.

అమెరికాలో బిడ్డల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు మరొక మాట. అక్కడ ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు 1964 నాటి పౌరహక్కుల చట్టం మేరకు రోగికి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. తెలుగు దుబాసీ ఫోనులోనైనా దొరుకుతాడు. అపాయింట్‌మెంటు తీసుకొనేటప్పుడే అడగండి. కొడుకు ఉన్నాడు కదా అనుకోకండి. గజ్జలలో దురద ఉందని కొడుకుతో చెప్పించే తల్లిని నా నలభై ఏళ్ల వృత్తిలో నేను చూడలేదు.

ప్రభుత్వం విదేశాలకు వెళ్లే కార్మికులకు ప్రయాణానికి ముందు శిక్షణ ఇస్తోంది. అందులో వేతనాల గురించి, చట్టాల గురించి చెబుతారు. దానితోపాటు శరీర బాధలను తెలుగులో, అరబ్బీలో ఎదురెదురుగా ముద్రించిన అరచేయంత కార్డు ఒకటి ఇస్తే ఎంత ఖర్చవుతుంది? ఇప్పుడు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి మూడు చోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడి విద్యార్థులు ఒక్క సెలవులలో ఆ కార్డు తయారు చేయగలరు. వెనుకవైపు లంబాడీ, కోయ మాటలు కూడా వేస్తే, అది ఇక్కడి వైద్యుని జేబులోనూ ఉంటుంది.