వేట ప్యాంటుకి 180 డాలర్లా?

ముందే చెప్పేస్తున్నా, నేను వేటగాణ్ణి కాదు. ఇప్పటిదాకా నా చేతుల్లో చచ్చినవి దోమలూ, బొద్దింకలూ, ఒకసారి మా ప్రొడక్షన్ సర్వరూ. అంతే. కానీ 2022 నుంచీ ప్రతి అక్టోబరులో ఓ నాలుగైదు శనివారాలు, విస్కాన్సిన్ ఉత్తరాన షెవామెగన్-నికొలే అడవుల్లో మా టీములో పనిచేసే ఒక పెద్దాయన వెనకాల తిరుగుతున్నాను. ఆయన వేటాడేది రఫ్డ్ గ్రౌజ్ అనే పిట్టని. మన అడవికోడికి దూరపు చుట్టం లాగా ఉంటుంది. తుపాకీ ఆయనది. వాసన పట్టే పని ఆయన కుక్కది. పొదల్లో దూరి చప్పుడు చేస్తూ పిట్టని లేపే పని నాది. అంటే హోదాలో నేను కుక్కకి అసిస్టెంటుని అన్నమాట :)

"నువ్వెందుకు తుపాకీ పట్టుకోలేదు" అని మా రూమ్మేటు అడిగాడు. హెచ్-1బీ మీద ఉన్నవాడు తుపాకీ పట్టుకోవడం ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చేతిలో ఉండటం లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. ఆ లైసెన్సు కావాలంటే విస్కాన్సిన్లో 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు భద్రతా కోర్సు చెయ్యాలి. వీసా మీద బతికేవాడికి ఇన్ని షరతుల మధ్య తుపాకీ సరదా ఎందుకు చెప్పండి? పైగా మా అమ్మ శాకాహారి. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం పుణ్యమా అని వేట అనే మాట వింటేనే ఆవిడకి సినిమా హీరో కేసు గుర్తొస్తుంది. ఆవిడకి నేను "ట్రెక్కింగుకి" వెళుతున్నట్టు లెక్క.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే ఈ రాతలో విషయం తుపాకీ కాదు, ప్యాంటు. నవ్వకండి. ఒక ప్యాంటు వల్ల నేను దాదాపు ఆస్పత్రి పాలయ్యాను. ఇంకో ప్యాంటు వల్ల 180 డాలర్లు బురదలో పోసుకున్నాను.

మొదటిసారి జీన్స్ వేసుకెళ్ళాను. జీన్స్ అంటే గట్టి గుడ్డ కదా, గనుల్లో పనిచేసేవాళ్ళ కోసం పుట్టింది కదా అని నా ధీమా. పొద్దున్న సన్నగా వాన పడి ఆగింది. వాన ఆగితే తడవం అనుకున్నా. కానీ అడవిలో నడుము ఎత్తు గడ్డీ, ఫెర్న్ ఆకులూ ప్రతి ఒక్కటీ గ్లాసుడు నీళ్ళు దాచుకుని నా తొడల మీదే పోశాయి. అరగంటకి జీన్స్ మొత్తం తడిసి ముద్దయింది. నూలు గుడ్డ తడిస్తే దాని పోగుల మధ్య ఉండే గాలి పోయి నీళ్ళు చేరతాయి. ఒంట్లో వేడిని బయటికి లాగేయడానికి నీళ్ళని మించింది లేదు. దానికి గాలి తోడైంది. ఎండ లేదు. ఉష్ణోగ్రత గడ్డకట్టేంత కూడా లేదు, 5 డిగ్రీల దగ్గర ఉంది. "ఈ మాత్రం చలికేనా" అని నేనే నన్ను తిట్టుకుంటూ నడిచాను. పదకొండు గంటలకి ఫ్లాస్కు మూత తిప్పడానికి నా వేళ్ళు రాలేదు. ఏదో చెప్పబోతే మాట ముద్దగా వచ్చింది. పెద్దాయన నా మొహం వంక ఒక్క క్షణం చూశాడు. వేట ఆపేసి, నన్ను ట్రక్కు దాకా నడిపించుకెళ్ళి, హీటరు పెట్టి, వెనక సీట్లో ఉన్న తన పాత ఉన్ని ప్యాంటు తీసి "ముందు ఇది తొడుక్కో" అన్నాడు. అది నాకు రెండు సైజులు పెద్దది. దారప్పోగుతో నడుముకి కట్టుకున్నాను. అంత హాయి మళ్ళీ ఏ బట్టలోనూ దొరకలేదు. ఆ రోజు నేను ఒంటరిగా ఉండుంటే ఏమయ్యేదో తల్చుకుంటే ఇప్పటికీ బావుండదు.

ఇక ఇంజనీరు బుర్ర కదా, ఆ దెబ్బతో రెండో వైపుకి పడిపోయింది. ఎక్సెల్ షీటు తెరిచాను. పదకొండు ప్యాంట్లు, తొమ్మిది కాలమ్స్. బరువు, జేబులు, వాటర్‌ప్రూఫ్ రేటింగు, జిప్పులు, రివ్యూలు. అన్నిటికీ వెయిటేజీ. 180 డాలర్ల ప్యాంటు ఒకటి గెలిచింది. ధరని వాడే రోజులతో భాగిస్తే రోజుకి ఇంతే కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ లెక్కలో ప్యాంటు పదేళ్ళు ఉంటుందని నేనే రాసుకున్నాను. ఎవరు చెప్పారు పదేళ్ళని? ఎవరూ చెప్పలేదు. ఆ సెల్లు నా కోరిక తప్ప ఇంకేం కాదు.

2023 అక్టోబరులో, మూడో శనివారం, పడిపోయిన చెట్టు మొద్దు ఒకటి దాటడానికి కాలెత్తాను. పర్‌ర్‌ర్... కాళ్ళ మధ్య కుట్టు జానెడు మేర విడిపోయింది. అప్పటికే తొడల మీద బ్లాక్‌బెర్రీ ముళ్ళు గీరి పైగుడ్డ ఎక్కడికక్కడ దారాలు లేచిపోయి ఉంది. వాటర్‌ప్రూఫ్ పొర చిల్లులు పడి నీళ్ళు ఎలాగూ వస్తున్నాయి. ఆ కంపెనీ పేరు చెప్పను. తిరిగి ఇవ్వబోతే "సాధారణ వాడకంలో వచ్చిన అరుగుదల" అని ఈమెయిలు వచ్చింది. వేట ప్యాంటుకి అడవిలో నడవడం కన్నా సాధారణ వాడకం ఏముంటుందో నాకర్థం కాలేదు.

ఆ రాత్రి మా బాబాయికి వీడియో కాల్ చేశాను. మా బాబాయి తెనాలిలో టైలరు. రెడీమేడ్లు వచ్చి బేరాలు తగ్గినా ముప్పయ్యేళ్ళుగా ప్యాంట్లే కుడుతున్నాడు. సానుభూతి వస్తుందనుకుని చూపిస్తే ఆయన మొహంలో వృత్తిపరమైన ఆనందం కనపడింది.

"ఏదిరా, తిరగేసి చూపించు."

"చిరిగింది బయటే కనపడుతోంది కదా బాబాయ్."

"బయట షోకు నాకెందుకురా? తిరగెయ్యి ముందు."

తిరగేశాను. ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒంటి కుట్టు వేసి ఓవర్‌లాక్ కొట్టి వదిలేశాడ్రా. సీటు దగ్గర ఇలా వదిలేస్తే ఎవడికైనా చిరుగుద్ది. నువ్వు దీనికి ఎంతిచ్చావ్?" అన్నాడు. నేను చెప్పాను. రూపాయల్లోకి మార్చి చెప్పడం నా పొరపాటు. పిన్నిని పిలిచి మరీ చూపించాడు.

నా తొమ్మిది కాలమ్స్‌లో కుట్టు అనే కాలమ్ లేదు! అసలు గట్టిదనం అంతా ఉండేది అక్కడే. గుడ్డ ఎంత మంచిదైనా దాన్ని పట్టుకుని ఉండేది దారమే కదా. జీన్స్ సీటు కుట్టు చూడండి, రెండు అంచులూ ఒకదాన్లో ఒకటి మడిచి దాని మీద రెండు మూడు వరసలు వేస్తారు. ఒక వరస తెగినా మిగతావి మోస్తాయి. జేబు మూలల్లో, జిప్పు అడుగున, బెల్టు లూపుల దగ్గర దగ్గరదగ్గరగా అడ్డంగా కొట్టిన గట్టి కుట్టు ఉండాలి. కాళ్ళ మధ్య నాలుగు కుట్లు ఒకేచోట కలిస్తే బరువంతా ఆ చుక్క మీదే పడుతుంది. అదే అక్కడ పలక ముక్క ఒకటి వేసి కుడితే బరువు పంచుకుంటుంది. ఈ ముక్క ఉందా లేదా అన్నది షాపులో రెండు సెకన్లలో తెలిసిపోతుంది. ఏ వెబ్‌సైటూ దీన్ని ఫొటో తీసి పెట్టదు.

గుడ్డ సంగతి. ఇక్కడ "డక్ కాన్వాస్" అని దొరుకుతుంది. డక్ అంటే బాతు కాదు, గుడ్డ అనే అర్థమున్న డచ్చి మాట నుంచి వచ్చింది. చదరపు గజానికి 12 ఔన్సులు, అంటే చదరపు మీటరుకి 400 గ్రాముల పైచిలుకు బరువుండే రకం కూలిపని ప్యాంట్లకి వాడతారు. ముళ్ళని బాగా ఆపుతుంది. నూలే కాబట్టి తడిస్తే మాత్రం నా జీన్స్ కథే. దానికి మైనమో నూనో పట్టించిన రకం నీళ్ళని ఆపుతుంది, కానీ మిషన్లో ఉతక్కూడదు. కార్లో సీటుకి అంటుతుంది. ధర కూడా తక్కువేం కాదు. నైలాన్ అయితే డెనియర్ లెక్క చూస్తారు. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. 500, 1000 అని పెద్ద అంకెలు వేసి అమ్ముతారు. అది దారం లావు మాత్రమే, నేత ఎలా ఉందో, కుట్టు ఎలా ఉందో చెప్పదు. మన కెమెరాల మెగాపిక్సెల్ గోలే ఇదీను.

మరి పిట్టల వేటగాళ్ళు ఏం వేసుకుంటారు? మామూలు కాన్వాస్ ప్యాంటుకి తొడల ముందు నుంచి కింది అంచు దాకా దళసరి నైలాన్ అతికి కుట్టిన ప్యాంట్లు. ముళ్ళూ నీళ్ళూ తగిలేది ముందు వైపే కాబట్టి అక్కడే రక్షణ. వెనక గాలి ఆడుతుంది. దశాబ్దాలుగా మారని డిజైను. మార్చాల్సిన అవసరం లేదు కాబట్టి మారలేదు.

ఇంక మచ్చల డిజైను, అదే క్యామో. రియల్‌ట్రీ, మాసీ ఓక్ రెండూ 1986లో మొదలై ఇప్పుడు తమ అచ్చుల్ని బట్టల కంపెనీలకి లైసెన్సుకి ఇస్తాయి. ఆ అచ్చు డబ్బు కూడా మీ బిల్లులోనే ఉంటుంది. జింక కంట్లో రంగుల్ని పట్టే కణాలు రెండు రకాలే. ఎరుపు, నారింజ దానికి సరిగా తెలియవు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే నా జీన్స్ జింకల వేటకైతే ఇంకా దండగ. విస్కాన్సిన్లో తుపాకీతో జింకల వేట సాగే రోజుల్లో నడుము పైన వేసుకున్నదాంట్లో కనీసం సగం కొట్టొచ్చినట్టు కనపడే నారింజ రంగు ఉండాలని చట్టం. 2016 నుంచి గులాబీ కూడా ఒప్పుకుంటున్నారు. పైన ట్రాఫిక్ లైటులా వెలుగుతూ కింద ఆకులు అచ్చేసిన ప్యాంటు వేసుకుని ఎవర్ని మోసం చేద్దామని? టర్కీ కోళ్ళ వేట, బాతుల వేట వేరు. పక్షుల చూపు మన కన్నా గొప్పది, వాటి దగ్గర దాక్కోవాల్సిందే. మిగతావాటికి మట్టి రంగో ఆకుపచ్చో చాలు, కదలకుండా కూర్చోవడం వస్తే. అది రాదనుకోండి, ఏ అచ్చూ కాపాడదు. ఇంకో మాట, తెల్లగా మెరవడం కోసం డిటర్జెంట్లలో కలిపే రసాయనాలు జింక కంటికి మనకన్నా ఎక్కువ మెరుస్తాయి. అవి లేని సబ్బు వాడితే పైసా ఖర్చు లేదు.

నీళ్ళు జారిపోయేలా పైన పూసే పూత గురించి కూడా. చాలా ఏళ్ళు దానికి పీఫాస్ రసాయనాలు వాడారు. అవి మట్టిలో, నీళ్ళలో అలాగే ఉండిపోతాయి. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియా మామూలు బట్టల్లో వాటిని నిషేధించింది, కంపెనీలు కూడా వేరే పూతలకి మారుతున్నాయి. పాత స్టాకు "భారీ డిస్కౌంటు" అని కనపడితే అది కూడా ఒకసారి చూసుకోండి. వేటలో చంపిన పిట్టని వండుకు తినేవాడికి నీళ్ళు శుభ్రంగా ఉండటం ముఖ్యమే కదా.

జేబులు, జిప్పులు ఎన్ని ఎక్కువైతే అన్ని చెడిపోయే చోట్లు. అవసరం లేని లైబ్రరీలు ప్రాజెక్టులో కలుపుకోవడం లాంటిదే. నా 180 డాలర్ల దానికి ఏడు జిప్పులు. మూడు నేనెప్పుడూ తెరవలేదు. నాలుగోది తెరుచుకుని మళ్ళీ మూసుకోలేదు.

సైజు దగ్గర మన ఒంటికి ఇంకో బాధ. నాకు కాలి పొడుగు 28 అంగుళాలు చాలు. షాపులో 30తో మొదలవుతాయి. 28 కావాలంటే "పిల్లల సెక్షన్ అటు సార్" అన్నట్టు చూస్తారు. పొడుగుది కొని కోయించుకోవడమే నయం. అంచు బూటు మీద కాస్త పొట్టిగా ఉంటేనే అరగదు. లోపల ఉన్ని డ్రాయరు తొడిగి చూడండి. షాపులోనే గొంతుకూర్చోండి, కుర్చీ మీదకి ఓ కాలు పెట్టండి. జనం చూస్తారు. చూడనీండి. మోకాలి దగ్గర పట్టేసిందంటే ధర ఎంత తగ్గించినా వద్దు.

కొలరాడోలో ఉండే మా బీటెక్ క్లాస్‌మేటు దీన్నంతా ఒప్పుకోడు. వాడు కొండల్లో రోజుకి పదిహేను కిలోమీటర్లు నడిచే బృందాలతో వెళతాడు, ఎల్క్ వేటకి. అక్కడ 12 ఔన్సుల కాన్వాస్ వేసుకుంటే చెమటతో తడిసి సాయంత్రం చలికి వణకాల్సిందేనంటాడు. తేలికపాటి సింథటిక్ ప్యాంటుకి 200 పెట్టడం వాడికి న్యాయమే. ఒప్పుకుంటాను. కానీ మనలో ఎక్కువమంది ఏడాదికి అయిదారు రోజులు, పార్కింగుకి రెండు మైళ్ళ లోపల తిరిగేవాళ్ళం. కొండ ఎక్కేవాడి ప్యాంటు మనకెందుకు అమ్ముతున్నారు, మనమెందుకు కొంటున్నాం? ఇంటికి నెలనెలా లోను డబ్బు పంపుతూ ఆ ప్యాంటు కొన్నవాణ్ణి కాబట్టి ఈ ప్రశ్న ముందు నాకే వేసుకుంటున్నా.

ఇప్పుడు నా దగ్గరున్నవి రెండు. పొడి రోజులకి నైలాన్ ముందుభాగం ఉన్న కాన్వాస్ ప్యాంటు, 65 డాలర్లు. తడి రోజులకి పాత మిలిటరీ ఉన్ని ప్యాంటు, సెకండ్ హ్యాండ్ షాపులో 25. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమని పీల్చుకున్నా ఒంటికి తడి తెలియనివ్వదు. పొదల్లో చప్పుడు కూడా చెయ్యదు. నా ఉద్యోగం చప్పుడు చేయడమే కాబట్టి ఆ లాభం నాకు లేదనుకోండి. మిగిలిన 90 డాలర్లలో మేజోళ్ళూ లోపలి ఉన్ని బట్టలూ వచ్చాయి. మూడు సీజన్లయింది, 65 డాలర్ల దానికి ఒక్క కుట్టు కూడా ఊడలేదు. కాకపోతే మోకాళ్ళు పలచబడుతున్నాయి.

ఆ మాట చెబితే బాబాయి "చిరిగాక అతుకు వెయ్యడం కాదురా, చిరగకముందే లోపల్నుంచి వెయ్యాలి" అన్నాడు. జనవరిలో ఇంటికెళ్ళేటప్పుడు ప్యాంటు తెమ్మన్నాడు. ఆ 180 డాలర్లది కూడా తెమ్మన్నాడు. సీటు విప్పి, ముక్క వేసి మళ్ళీ కుడతాడట. కుట్టుకూలి మాత్రం డాలర్లలోనే తీసుకుంటాడట.