కట్టుబాటు ఎవరిని కాస్తోంది?

మన మధ్య ఈ వాదన తరచూ వస్తోంది. చదువుకున్న పిల్లలు కట్టుబాట్లు వదిలేస్తున్నారని పెద్దలంటారు. ఆ కట్టుబాట్లే మన కాళ్లకు బంధాలని మనలో కొందరం అంటాం. కట్టుబాటు కావాలా, స్వేచ్ఛ కావాలా అని అడిగితే ఇది ఎప్పటికీ తేలదు. ఏ కట్టుబాటు ఎవరిని కాస్తోంది, ఎవరిని తొక్కుతోంది అని అడగాలి.

1/70 చట్టాన్నే చూడండి. ఏజెన్సీలో మన భూమిని గిరిజనేతరులకు అమ్మే స్వేచ్ఛ మనకు లేదు. నా భూమి, నా ఇష్టం అంటే కుదరదు. అయినా ఆ హద్దు ఉండాల్సిందేనని మనమే కొట్లాడుతున్నాం. ఎందుకంటే అప్పుల్లో ఉన్నోడు చేసే అమ్మకం ఇష్టపడి చేసేది కాదని మన తాతలు కళ్లారా చూశారు. 1997లో సమత కేసులో, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిందీ ఈ చట్టం ఆధారంగానే. ఆ హద్దు బలవంతుడి చేతికి అడ్డం.

ఇప్పుడు ఇంటి లోపలికి వద్దాం. మన తెగల్లో చాలాచోట్ల ఆడపిల్లకు భూమిలో వాటా లేదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ఎస్టీలకు వర్తించదు. 2005లో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చిన సవరణ కూడా మన గూడేల దాకా రాలేదు. ఇక్కడ మన ఆచారమే చట్టం. అన్నకు పొలం, చెల్లెలికి కూలి. ఈ హద్దు ఎవరి చేతికి అడ్డం?

"ఆడపిల్లకిస్తే బయటోణ్ని చేసుకుంటది, భూమి పోతది" అంటారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. మన ఆడవాళ్ల పేరున బినామీ భూములు పెట్టుకున్నోళ్లు ఉన్నారు. మరి మన మగవాళ్ల పేరున బినామీలు లేరా? దానికని కొడుకుల వాటా ఎవరైనా తీసేశారా? ఆపాల్సింది బినామీని. భార్య తన భూమిని గిరిజనేతర భర్త పేరున రాసినా 1/70 ప్రకారం అది చెల్లదు.

2006 అటవీ హక్కుల చట్టం పెళ్లైనవాళ్లకు పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఇవ్వాలంది. పట్టాలో అమ్మ పేరు ఉన్నందుకు ఏ గూడెమూ చెదిరిపోలేదు. 2025 జులైలో ఛత్తీస్‌గఢ్‌కు చెందిన ఒక గోండు కుటుంబం కేసులో, ఆడవాళ్లన్న కారణంతో వాటా కాదనడం సమానత్వ హక్కుకు విరుద్ధమని సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అందరం కోర్టు మెట్లెక్కాల్సిన పనిలేదు. ఆచారాలను కాపాడుకునే అధికారం 1996 పెసా చట్టం మన గ్రామసభకే ఇచ్చింది. కాపాడుకోవడంలో బాగుచేసుకోవడమూ ఉంది. కప్పు మీద కుళ్లిన గడ్డి తీసి కొత్త గడ్డి పరిస్తే ఇల్లు పరాయిదైపోదు కదా.

ఈసారి సెలవులకు ఊరెళ్లినప్పుడు గ్రామసభలో ఈ మాట ఎత్తుదాం. పెద్దల ముందు కూర్చుని, మర్యాదగానే అడుగుదాం. రేపు భూమి కోసం ఊరంతా కదలాల్సి వస్తే అక్కచెల్లెళ్లనూ పిలుస్తాం. ఆ భూమిలో జానెడు కూడా వాళ్లది కానప్పుడు, ఏ మొహం పెట్టుకుని పిలుస్తాం?