‘అద్భుతం’ దగ్గర ఆగిపోవద్దు

పాత కచేరీ రికార్డును మిత్రులకు పంపి, కింద ‘అద్భుతం’ అని రాసి ఊరుకోవడం మన సంగీతాభిమానులకు అలవాటైపోయింది. ఆ ఒక్క మాటతో విననివారికి దారి దొరకదు, విన్నవారికి కొత్తగా ఏమీ తెలియదు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్‌నే తీసుకోండి. 78 ఆర్‌పీఎం రికార్డులో ఒక్కో వైపు పట్టేది మూడు నిమిషాల చిల్లరే. అంత ఇరుకులోనూ ఆయన కమాను తొందరపడదు, నాదం నిండుగా పలుకుతుంది. ఈ మాట ఎవరైనా రాసిపెడితే, గరగర విని పక్కన పెట్టేసే కుర్రవాడు మళ్లీ చెవి ఒగ్గుతాడు. రేడియో టేపుల విషయంలో ఈ అవసరం ఇంకా ఎక్కువ. విజయవాడ ఆకాశవాణిలో పనిచేసిన వోలేటి వెంకటేశ్వర్లుగారి తరం పాట చాలావరకు అలాంటి టేపుల్లోనే మిగిలింది. చేతులు మారిన టేపుల్లో ఎన్నింటికో తేదీ ఉండదు, మృదంగం ఎవరిదో ఉండదు. శ్రుతి, తని ఆవర్తనం నడక గమనించి నలుగురు రాస్తేనే ఆరా తీయడానికి ఆధారం దొరుకుతుంది.

సంగీతం నేర్వనివారు వ్యాఖ్యానించడమేమిటని పండితులు విసుక్కుంటారు. తప్పులు దొర్లుతాయి, నిజమే. రీతిగౌళను ఆనందభైరవి అనుకునేవారున్నారు. కానీ రాస్తేనే కదా, తెలిసినవారు దిద్దేది! మౌనంగా ఉన్నవారి పొరపాటు అలాగే ఉండిపోతుంది. పైగా త్యాగరాజ కృతులు విన్నవారంతా శాస్త్రజ్ఞులు కారు. ఆ రసికుల మెప్పుతోనే కచేరీలు నిలిచాయి. రాగం పేరు తెలియకపోయినా, ఎన్నో నిమిషంలో గొంతు ఎక్కడ నిలిచిందో, అక్కడ మనసు ఎందుకు ఆగిందో ఎవరైనా చెప్పగలరు. ఆ రెండు వాక్యాలూ రికార్డుతో పాటే పంపాలి.