సీటు కింద సంచీ

సైకిలు కొనే రోజున సలహాలకు కొదవ వుండదు. రంగు దగ్గర ఒకరు, గంట దగ్గర ఒకరు, క్యారియరు దగ్గర ఒకరు. పక్కింటివారు సైతం వీధిలోకి వచ్చి, టైరు నొక్కి చూసి, "ఫరవాలేదండీ" అని తీర్పు చెప్పి పోతారు. కాని సీటు కింద తగిలించే చిన్న సంచీ మాట ఎవరూ ఎత్తరు. దుకాణదారు చివరికి "ఇది కూడా తీసుకోండి, బావుంటుంది" అని చేతిలో పెడితే తెచ్చుకునే వస్తువు అది. ఈ వారం ఆ సంచీని గురించే రాయదలచాను. ఇంత చిన్న వస్తువుకు ఇంత కథా అని విసుక్కోకండి. మా వాళ్ళలో ఒక పిల్ల చదువు నాలుగు వారాలపాటు అచ్చంగా ఆ సంచీ మీదనే వేలాడింది.

మా అక్కయ్య కూతురు తెనాలిలో బి.యస్సీ. చదువుతున్నది. వాళ్ళ వూరికీ కాలేజీకీ తొమ్మిది కిలోమీటర్లు. అందులో ఆరు కాలవగట్టు మీద. ఉదయం బస్సు సరిగానే దొరుకుతుంది. సాయంత్రం ప్రాక్టికల్సు అయ్యేసరికి బస్సు వెళ్ళిపోతుంది, తరువాతిది ఏడున్నరకు. సైకిలు మీద అయితే దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరవచ్చు. మా బావగారికి కూతురి చదువంటే ప్రాణమే. అయినా ఆయన ఒకే ఒక ప్రశ్న వేశారు. "దారిలో పంక్చరయితే?"

"సెల్‌ఫోను వుంది గదా!" అన్నది అక్కయ్య.

"ఫోను చేస్తే వెళ్ళవలసినవాణ్ణి నేను. మిల్లులో నాకు తెమిలేసరికి ఎనిమిదవుతుంది. అందాకా పిల్ల గట్టుమీద నిలబడాలా?"

దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. సైన్సు మాని, ప్రాక్టికల్సు లేని గ్రూపుకు మారమనే మాట కూడా వచ్చింది. అప్పుడు ఆ పిల్ల నాకు ఫోను చేసి, "మామయ్యా, నువ్వు రోజూ సైకిలు తొక్కుతావు గదా, నాన్న అడిగినదానికి నువ్వు చెప్పు" అన్నది.

బావగారి ప్రశ్న గాలి టైరంత పాతది. 1888లో బెల్‌ఫాస్టు నగరంలో డన్‌లప్ అనే పశువైద్యుడు గాలి టైరుకు పేటెంటు పుచ్చుకున్నాడు. కొడుకు మూడు చక్రాల బండి కుదుపు లేకుండా నడవాలని ఆయన తాపత్రయం. కుదుపు పోయింది, పంక్చరు వచ్చింది. తొలిరోజుల్లో టైరును రిమ్ముకు జిగురుతో అతికించేవారు. వూడదీసి, బాగుచేసి, మళ్ళీ ఆరబెట్టటానికి గంటలు పట్టేది. 1891లో ఫ్రాన్సులో మిషెలిన్ సోదరులు వూడదీసి బిగించుకునే టైరు తయారుచేశారు. ఆ సంవత్సరమే పారిస్ నుంచి బ్రెస్టుకు పోయి తిరిగి వచ్చే సుమారు 1,200 కిలోమీటర్ల పందెంలో ఆ టైర్లు వేసుకున్న టెరాంట్ గెలిచాడు. దారిలో కూర్చుని ఎవరి పంక్చరు వారు వేసుకోవచ్చునన్న ధైర్యం లోకానికి అలా వచ్చింది. ఆ ధైర్యానికి కావలసిన సరంజామా పెట్టుకోవటానికే సీటు వెనక తోలుసంచీ.

మన దేశంలో ఆ సంచీ అవసరం చాలాకాలం తెలియలేదు. మలుపు మలుపుకూ ఒక సైకిలు షాపు, దాని ముందు నీళ్ళ తొట్టి వుండేవి. ఇప్పుడు మా పిల్ల వెళ్ళే గట్టుమీద అటువంటి షాపు ఒక్కటీ లేదు. తుమ్మముళ్ళూ, పల్లేరు కాయలూ మాత్రం ఎప్పటివలెనే వున్నాయి.

ఆడపిల్లకు సైకిలు విలాసమనుకునేవారికి ఒక్క సంగతి మనవి చేస్తాను. బీహారు ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చే పథకం పెట్టింది. ఆర్థికశాస్త్రజ్ఞులు లెక్కలు తీసి చూస్తే, ఆ వయసు ఆడపిల్లలు బడిలో చేరటం 32 శాతం పెరిగిందని తేలింది. హైస్కూలు మూడు కిలోమీటర్లకు మించి దూరాన వున్న వూళ్ళలోనే ఈ మేలు ఎక్కువగా కనబడింది. అంటే పిల్లలను ఆపుతున్నది చాలాచోట్ల దూరమే. ఆ దూరాన్ని సైకిలు గెలవాలంటే, అది దారిలో ఆగినా మళ్ళీ కదలాలి గదా!

ఇక సంచీ సంగతి. ముందు సంచీ కొని, తరువాత అందులో ఏం పెట్టాలా అని ఆలోచించవద్దు. పెట్టవలసిన వస్తువులు బల్లమీద పరచి, అప్పుడు సంచీ వెతకండి. వస్తువులు సైకిలును బట్టి మారతాయి. చక్రం చిటికెలో వూడివచ్చే గేర్ల సైకిలైతే ఒక కొత్త ట్యూబు దగ్గర వుంచుకోవటం మేలు. పాతది ఇంటికొచ్చి తీరికగా బాగుచేసుకోవచ్చు. మా పిల్లది మామూలు లేడీస్ సైకిలు. వెనక చక్రం వూడదీయాలంటే చెయిను కవరు, స్టాండు, క్యారియరు, అన్నిటితోనూ కుస్తీ పట్టాలి. కాని మన షాపువాళ్ళు పంక్చరు వేసేటప్పుడు చక్రం వూడదీయరు, గమనించారా? టైరు ఒకవైపు లేపి, ట్యూబు బయటికి లాగి, అక్కడికక్కడే అతుకు వేస్తారు. ఆమె నేర్చుకోవలసినదీ అదే.

కనుక ఆమె జాబితా ఇది: టైరు లేపే బద్దలు రెండు, సొల్యూషను గొట్టం ఒకటి, అతుకులు అయిదు, గరుకు కాగితం ముక్క, ఒక చిన్న పానా, పాత బనీను గుడ్డ, తలకు కట్టుకునే టార్చిలైటు, వంద రూపాయల నోటు, ఇంటి చిరునామా రాసిన కాగితం. టార్చి తలకే ఎందుకంటే, పనికి రెండు చేతులూ కావాలి. వీటితోపాటు జానెడు వాల్వుట్యూబు. మామూలు సైకిళ్ళలో గాలి పోవటానికి ఒక్కొక్కసారి ముల్లు కారణం కాదు, వాల్వు మీది ఆ సన్నని రబ్బరు చిరగటమే కారణం. అది మార్చటం రెండు నిమిషాల పని. పంపు సంచీలో పట్టదు. దాన్ని సైకిలు కడ్డీకి బిగించుకోవాలి.

ఇంత సరంజామాకు ఎంత సంచీ కావాలి? దుకాణంలో సంచీల కొలత లీటర్లలో చెబుతారు. అది మనకు వెంటనే అందదు. ఇంటికొచ్చే అర లీటరు పాల ప్యాకెట్టును ఆ వస్తువుల పక్కన పెట్టి చూడండి. మా జాబితా అంతా దాని పరిమాణానికి కాస్త మించింది. అంటే ముప్పాతిక లీటరు సంచీ చాలు. ట్యూబు కూడా పెట్టుకునేవారికి ఒక లీటరు. వానకోటు మడిచి పెట్టుకోవాలంటే రెండు. అవసరానికి మించి పెద్దది తీసుకుంటే సామాను లోపల గలగలలాడుతుంది, సంచీ ఇటూ అటూ వూగుతుంది, తొడలకు రాసుకుంటుంది. కొత్త ట్యూబు పెట్టేవారు దాన్ని గుడ్డలో చుట్టి పెట్టాలి. లేకపోతే పానా మొన ఆ కుదుపులకు రాసి రాసి, వాడకముందే దానికి చిల్లి పెడుతుంది.

తరువాత చూడవలసినది సీటు. ఇప్పుడు బజారులో దొరికే సంచీలు చాలావరకు సీటు కింది రెండు కమ్మీలకు పట్టీలతో కట్టేవి. స్ప్రింగుల సీటుకు అవి కుదరవు. పట్టీ స్ప్రింగుల మధ్య నలిగి నాలుగు నెలల్లో తెగుతుంది. అటువంటి సీటుకు పూర్వపు పద్ధతే మంచిది: సీటు వెనక అంచు నుంచి రెండు పట్టీలతో వేలాడే సంచీ. కొలిచేటప్పుడు సైకిలు వూరికే నిలబెట్టి కొలవవద్దు. తొక్కే మనిషిని కూర్చోబెట్టి, స్ప్రింగు అణిగిన తరువాత సంచీ అడుగుకూ మడ్‌గార్డుకూ మధ్య నాలుగు వేళ్ళు పట్టాలి. పొట్టివాళ్ళు సీటు కిందికి దించుకుంటారు గనుక వారికి ఈ జాగా తక్కువ. వెనక ఎర్రదీపానికి సంచీ అడ్డం రాకూడదు. ఇది మాత్రం మరువకండి, వెనక వచ్చే లారీకి మనం కనిపించేది ఆ ఎర్రచుక్క వల్లనే.

జిప్పు మంచిదా, మూత మంచిదా? మడ్‌గార్డు లేని సైకిలుకు చక్రం చిమ్మే బురద తిన్నగా జిప్పు పళ్ళలోకి పోతుంది. పైనుంచి కిందికి మడిచి బకిలు పెట్టే మూత వానకు మెరుగు. చీకట్లో తడుముకుని తీయటమూ సులువు.

ఇన్నీ కుదిరే సంచీ మాకు తెనాలి బజారులో దొరకలేదు. చివరికి స్కూటరు సీటు కవర్లు కుట్టే ఒక షాపులో కొలతలిచ్చి, రెక్సిను మీద లోపల కాన్వాసు వేయించి కుట్టించాము. చూపుకు అంత సొంపుగా లేదు గాని గట్టిది.

అయితే సంచీ కొన్నంతమాత్రాన బావగారి ప్రశ్నకు జవాబు వచ్చినట్టు కాదు. ఆయనా అదే అన్నారు: "సంచీ బాగానే వుందోయ్, చేసేదెవరు?" నాలుగు ఆదివారాలు ఆ పిల్ల పెరట్లో కూర్చుని టైరు లేపటం, చిల్లి వెతకటం, గరుకు కాగితంతో రుద్దటం, సొల్యూషను తడి మెరుపు పోయేదాకా ఓపికపట్టటం, అతుకు నొక్కటం నేర్చుకున్నది. నీళ్ళు లేనిచోట ట్యూబును చెంప దగ్గర పెట్టుకుంటే గాలి తగిలి చిల్లి తెలుస్తుంది. ముల్లు టైరులోనే వుండిపోతే పది గజాలలో మళ్ళీ పంక్చరే; అందుకని లోపల గుడ్డతో తుడిచి చూడాలి. మొదటి ఆదివారం గంట పట్టింది. నాలుగో ఆదివారం బావగారు గడియారం చూస్తూ నిలబడ్డారు. ఇరవై రెండు నిమిషాలు. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు పిల్ల సైకిలు మీద కాలేజీకి వెళ్ళింది.

కార్తీకమాసంలో ఒక సాయంత్రం ఇంటికి అరగంట ఆలస్యంగా వచ్చిందట. "చేతులకు ఆ మసి ఏమిటే?" అన్నారు బావగారు. "తుమ్మముల్లు" అని చెప్పి చెయ్యి కడుక్కోవటానికి వెళ్ళింది. ఆయన మరేమీ అడగలేదు. మర్నాడు మాత్రం మిల్లునుంచి వస్తూ కొత్త సొల్యూషను గొట్టం తెచ్చి, తానే సంచీలో పెట్టారు.

ఆయన చేసింది సరి అయిన పని. ఒకసారి మూత తీసిన సొల్యూషను గొట్టంలోనే ఆరిపోతుంది. మీ ఇంట్లో ఇదివరకే ఇటువంటి సంచీ వుంటే, ఈ ఆదివారం తీసి ఆ గొట్టం ఒకసారి నొక్కి చూడండి.