అడిగి తెలుసుకునే చదువుకు అండగా

వేసవి ఇంటర్న్‌షిప్‌ల కబుర్లు మొదలయ్యాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే సందడి. ఫలానావారబ్బాయికి పెద్ద కంపెనీలో వచ్చిందట, గంటకు ఇంతిస్తారట అని అభినందనలు కురుస్తాయి. అదే గ్రూపులో ఒకమ్మ, తన కూతురు క్రిమినాలజీలో పీజీ చేస్తూ పరిశోధన ఇంటర్న్‌గా కోర్టుల చుట్టూ తిరుగుతోందని రాస్తే నాలుగు దండాల బొమ్మలు వస్తాయి. వెనకే ఓ సందేహం: "అంటే పోలీసు ఉద్యోగమాండీ?"

పోలీసు ఉద్యోగం కాదు. కోర్టు హాల్లో వెనక వరసలో కూర్చుని ఏ కేసు ఎన్నిసార్లు వాయిదా పడిందో రాసుకోవడం, పాత ఫైళ్లలోంచి పేర్లు తీసేసి వివరాలను పట్టికలకు ఎక్కించడం, శిక్ష ముగించుకుని బయటికొచ్చినవాళ్లతో, బాధితులతో వాళ్లు ఒప్పుకుంటేనే మాట్లాడడం, గంటసేపు రికార్డు చేసింది ఒకటికి నాలుగుసార్లు విని అక్షరాల్లో పెట్టడం. నేరశాస్త్రంలో, సమాజశాస్త్రంలో పరిశోధన ఇంటర్న్‌షిప్ అంటే చాలావరకు ఈ ఓపిక పనే. ఇందులో మెరుపులేమీ ఉండవు. కొన్ని చట్టాలు మారింది మాత్రం ఇలాంటి పని వల్లనే.

న్యూయార్క్‌లో 1961లో జరిగింది చూడండి. బెయిల్ సొమ్ము కట్టలేని పేదలు నేరం రుజువు కాకముందే నెలల తరబడి జైల్లో మగ్గుతున్నారని లూయిస్ ష్వైట్జర్ అనే దాతకు తెలిసింది. ఆయన కెమికల్ ఇంజనీరు. హెర్బ్ స్టర్జ్ అనే పత్రికా సంపాదకుడితో కలిసి, తన తల్లి పేరు మీద వీరా అనే సంస్థను పెట్టాడు. ఆ సంస్థ చేపట్టిన మన్‌హట్టన్ బెయిల్ ప్రాజెక్టులో అసలు పని చేసింది న్యూయార్క్ విశ్వవిద్యాలయపు లా విద్యార్థులు. అరెస్టయినవాళ్లను జడ్జి ముందుకు తీసుకెళ్లేలోపే కలిసి, ఎక్కడుంటున్నారు, ఎన్నాళ్లుగా ఉంటున్నారు, ఇంట్లో ఎవరెవరున్నారు, పనేమిటి అని అడిగేవారు. చెప్పింది నిజమో కాదో ఫోన్లు చేసి సరిచూసుకునేవారు. ఊళ్లో వేళ్లున్న మనిషిని పైసా కట్టించుకోకుండా సొంత పూచీ మీద వదిలినా వాయిదాకు తిరిగొస్తాడని లెక్కలతో చూపించారు. 1966లో అమెరికా కాంగ్రెస్ చేసిన బెయిల్ సంస్కరణ చట్టానికి ఈ పనే పునాది.

కథ అక్కడితో ఆగలేదు. 1979లో బిహార్ విచారణ ఖైదీల గురించిన హుస్సేనారా ఖాతూన్ కేసులో జస్టిస్ పి.ఎన్. భగవతి, డబ్బు పూచీకత్తు లేకపోయినా నిందితులు విచారణకు హాజరవుతారనడానికి ఈ మన్‌హట్టన్ అనుభవాన్నే ఉదాహరణగా చూపారు. న్యూయార్క్ విద్యార్థులు నింపిన ప్రశ్నావళులు పద్దెనిమిదేళ్లకు భారత సుప్రీంకోర్టు తీర్పులో పలికాయన్నమాట. అయినా పని మిగిలే ఉంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరికి భారత జైళ్లలో ఉన్నవారిలో 75.8 శాతం మంది విచారణ ఖైదీలే. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం 2016లో మరణశిక్షలపై ఇచ్చిన నివేదిక కోసం కూడా విద్యార్థులే దేశమంతా తిరిగి ఉరిశిక్ష పడ్డ ఖైదీలతో, వాళ్ల కుటుంబాలతో మాట్లాడారు.

అడగకుండానే తీర్పు చెప్పేస్తే ఏమవుతుందో తెలుగు నేలకు బాగా తెలుసు. 1871లో మొదలై తర్వాత విస్తరించిన నేరస్థ తెగల చట్టం కొన్ని కులాలపై, తెగలపై పుట్టుకతోనే నేరస్థులన్న ముద్ర వేసింది. ఆ చట్టం నీడలోనే బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల కుటుంబాలకు సెటిల్‌మెంటు వెలిసింది. 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం తరాలు గడిచినా పోలేదు. మీనా రాధాకృష్ణ లాంటి పరిశోధకులు పాత రికార్డులు తిరగేసి ఆ ముద్ర వెనక ఎవరి అవసరాలున్నాయో బయటపెట్టేదాకా, నేరం వాళ్ల రక్తంలోనే ఉందన్న మాటను చదువుకున్నవాళ్లూ నమ్మారు.

ఇక అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్ల సంగతి. మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం పేరుతో అమెరికా ప్రభుత్వ అధికారులే ఒక ఉత్తుత్తి విద్యాసంస్థను నడిపి, 2019 జనవరిలో పెద్ద ఎత్తున విద్యార్థులను అరెస్టు చేశారు. దాదాపు అందరూ భారతీయులే, అందులో తెలుగు పిల్లలు చాలామంది. విద్యార్థులను చేర్పించిన ఎనిమిది మందిపై క్రిమినల్ కేసులు పడ్డాయి. అప్పుడు మనం ఏ విందులో కలిసినా రెండు జట్లుగా విడిపోయాం. తెలిసే చేరారని ఒక జట్టు, సర్కారే వల పన్నిందని ఇంకో జట్టు. ఆ పిల్లలు ఇంటి దగ్గర ఎంత అప్పు చేసి వచ్చారు? ఆ సంస్థ గురించి మొదట చెప్పింది స్నేహితుడా, బంధువా, కన్సల్టెన్సీనా? ఇది సరైన దారి కాదేమోనని అనుమానం వచ్చినా ఎందుకు బయటపడలేకపోయారు? ఇలాంటివి తీరిగ్గా అడిగి తెలుసుకుని ఉంటే తర్వాత వచ్చే బ్యాచ్‌కు పనికొచ్చేవి.

గృహహింసదీ ఇదే దారి. దక్షిణాసియా మహిళల కోసం న్యూజెర్సీలో 1985లో మానవి సంస్థ మొదలైనప్పుడు, మనవాళ్ల ఇళ్లలో అలాంటివి ఉండవనేవాళ్లే ఎక్కువ. భర్త వీసా మీద వచ్చి, సొంత బ్యాంకు ఖాతా కూడా లేని అమ్మాయి గోడు ఇంగ్లిష్ సర్వే ఫారంలో బయటపడదు. భారతీయురాలు కదా అని హిందీ దుబాసీని కూర్చోబెట్టినా లాభం లేదు. శ్రీకాకుళం యాస, కరీంనగర్ యాస విని అర్థం చేసుకోగల పరిశోధకురాలు ఎదురుగా ఉండాలి. ఆ పని మన పిల్లలు తప్ప ఇంకొకరు చేయలేరు.

అలాంటి పిల్లలకు దారి సాఫీగా లేదు. ఈ రంగంలో జీతం లేని ఇంటర్న్‌షిప్‌లు చాలా ఎక్కువ. లక్షల అప్పుతో వచ్చిన విద్యార్థి వేసవంతా ఉచితంగా పనిచేయలేడు. వీసా చిక్కులు సరేసరి. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద ఉన్నవారు క్యాంపస్ బయట ఇంటర్న్‌షిప్‌కు సీపీటీ అనే, చదువులో భాగంగా పనిచేసే అనుమతి తెచ్చుకోవాలి. మామూలుగా అది ఒక విద్యాసంవత్సరం గడిచాకే దొరుకుతుంది. 12 నెలలు పూర్తికాలం వాడేసుకుంటే ఆ స్థాయి చదువుకు ఓపీటీ, అంటే చదువయ్యాక పనిచేసే అవకాశం, పోతుంది. ఓపీటీకి కంప్యూటర్ సైన్స్ వాళ్లకున్న 24 నెలల స్టెమ్ పొడిగింపు సమాజశాస్త్రం చదివినవాళ్లకు లేదు. చేరే ముందే విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగడం తప్పనిసరి. మనుషులను ప్రశ్నించే పరిశోధనకు సాధారణంగా ఐఆర్‌బీ అనే సమీక్ష మండలి ఆమోదం కావాలి. ఖైదీల విషయంలో నియమాలు మరీ కఠినం. పిల్లలు జూన్‌లో మొదలుపెట్టాలంటే సంక్రాంతి నాటికే కాగితాలు కదలాలి.

మన తెలుగు సంఘం చేయగలిగినవి ఉన్నాయి. వార్షికోత్సవాల ఖర్చులో కొద్ది భాగం పక్కన పెడితే ఏటా ఇద్దరు పీజీ విద్యార్థులకు వేసవి స్టైపెండ్ ఇవ్వొచ్చు. సభ్యుల్లో ఉన్న లాయర్లు, ప్రొబేషన్ అధికారులు, ప్రొఫెసర్లు, సోషల్ వర్కర్ల జాబితా తయారుచేసి విద్యార్థులతో కలపొచ్చు. ఇంటర్వ్యూలకు ముందుకొచ్చే కుటుంబాలకు ఇది చాడీలు మోసే పని కాదని నచ్చజెప్పొచ్చు.

డబ్బు కంటే కష్టమైనది మరొకటి ఉంది. సాయం చేసిన చేత్తో ఫలితాన్ని దిద్దకూడదు. నివేదిక అచ్చవకముందు కార్యవర్గానికి చూపించాలనే షరతు వద్దు. ఎవరు మాట్లాడారో చెప్పమని ఒత్తిడి వద్దు. రెండు వందల తెలుగు కుటుంబాలున్న ఊళ్లో పేరు తీసేసినా, సొంతూరు, కంపెనీ చెబితే మనిషి దొరికిపోతాడు. కాబట్టి ఆ వివరాలు మార్చి రాసే స్వేచ్ఛ పరిశోధకులకు ఉండాలి. ఆరా తీయకుండా ఊరుకునే మర్యాద మనకుండాలి. కట్నం గురించో, కులం గురించో, విద్యార్థులను మోసం చేసే మన దళారుల గురించో చేదు నిజం తేలితే, పరువు పోతుందని దాన్ని అటకెక్కించకూడదు. ష్వైట్జర్ డబ్బిచ్చాడు గానీ విద్యార్థులు ఏం కనుక్కోవాలో రాసివ్వలేదు. రాసిచ్చి ఉంటే ఆ లెక్కలను ఏ న్యాయస్థానమూ పట్టించుకునేది కాదు.

వచ్చే కార్యవర్గ సమావేశం అజెండాలో ఈ స్టైపెండ్ ప్రతిపాదన చేర్చాలని కోరుతున్నాం. పత్రిక తరఫున మేమూ ఒక మాటిస్తున్నాం. ఆ విద్యార్థులు పని ముగించాక రాసే వ్యాసానికి ఇందులో పేజీలు కేటాయిస్తాం. అందులో మనల్ని వేలెత్తి చూపే వాక్యం ఉన్నా కత్తిరించం. నొచ్చుకున్నవారి ఉత్తరాలనూ దాని పక్కనే వేస్తాం.

— సంపాదకవర్గం