హాస్టల్ పిల్లలు వినియోగదారులు కారా?

హోటల్ బిర్యానీ తిని ఆసుపత్రి పాలైన మా స్టాఫ్‌రూమ్ మిత్రుడికి కేసు వెయ్యమని చెప్పాను. బిల్లుంది, ఆసుపత్రి కాగితాలున్నాయి. జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లడానికి రెండేళ్ల గడువుంది, అంత చిన్న బిల్లుకి ఫీజు కూడా లేదు. ఆహార భద్రత చట్టం 65వ సెక్షన్ అయితే ప్రాణం పోతే కనీసం 5 లక్షలు ఇవ్వాలంటుంది.

మరి సర్కారు హాస్టల్ అన్నం తిని వాంతులు చేసుకునే మా పిల్లలో? 2019 వినియోగదారుల చట్టంలో ధర చెల్లించినవాడే వినియోగదారుడు. ఉచిత సేవ లెక్కలోకి రాదు.

2024 అక్టోబర్‌లో హైదరాబాదులో మోమోలు తిని ఒకామె చనిపోతే పచ్చిగుడ్డు మయోనైజ్‌ను ఏడాది పాటు నిషేధించారు. మంచిదే. ఆ రోజుల్లోనే వాంకిడి గిరిజన బాలికల హాస్టల్లో పిల్లలు జబ్బుపడ్డారు. తొమ్మిదో తరగతి ఆదివాసీ బిడ్డ నెలరోజులు కొట్టుకుని నిమ్స్‌లో ప్రాణం విడిచింది.

ఇలాంటి ఇళ్లకు సర్కారు ప్రకటించేది ఎక్స్‌గ్రేషియా. (తెలుగు మేష్టార్ని కదా, మాటకు అర్థం చూడకుండా ఉండలేను.) దయతో ఇచ్చేది అని. పరిహారం కాదు, దయ!

ఉచితమని ఎవరన్నారు? తలకింతని మెస్ ఛార్జీలు లెక్క కడుతున్నారుగా. ఆ తల మా పిల్లది. ఆ తలకి కమిషన్ మెట్లెక్కే హక్కు చట్టంలో రాయండి.